గర్భిణి కంచంలో గుడ్డు ఎవరికి అడ్డం?

గర్భిణులు గుడ్డు, మాంసం మానుకోవాలని 2017లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ విడుదల చేసిన చిన్న పుస్తకంలో రాశారు. అంతకు రెండేళ్ల ముందు మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్, గిరిజన జిల్లాల అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టాలన్న ప్రతిపాదనను తోసిపుచ్చారు. ఇప్పుడు అదే ఆలోచన పాలు కూడా ముట్టని వీగన్ ఆహారం పేరుతో, ఆరోగ్య సలహా రూపంలో చదువుకున్న యువతకు చేరుతోంది.

ఇష్టపడి వీగన్‌గా ఉండే స్త్రీని మేం తప్పుపట్టడం లేదు. అది ఆమె హక్కు. అయితే గర్భంతో ఉన్నప్పుడు ఆ ఆహారం సరిపోవాలంటే ఏమేం కావాలో ముందు మాట్లాడుకోవాలి.

ప్రొటీన్ కోసం పప్పులు, శనగలు, సోయా, పల్లీలు రోజూ తినాలి. కాల్షియం రాగులు, నువ్వుల నుంచి కొంత వస్తుంది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుమును ఒంటికి పట్టించుకోవడం మాంసంలోని ఇనుమంత సులువు కాదు. అందుకే నిమ్మ, ఉసిరి లాంటివి తోడు కావాలి, అన్నం తిన్న వెంటనే టీ తాగకూడదు. అయొడిన్ ఉప్పు మానకూడదు. ఇవన్నీ పాటించినా బీ12 విటమిన్ దొరకదు. అది సహజంగా మాంసం, చేపలు, గుడ్డు, పాలలోనే ఉంటుంది. రోజుకు కావలసింది రెండు మూడు మైక్రోగ్రాములే అయినా, అది తగ్గితే తల్లికి రక్తహీనత వస్తుంది, నరాలు దెబ్బతింటాయి, బిడ్డ మెదడు, వెన్నుపాము ఎదుగుదలకు ముప్పు. కాబట్టి వీగన్ గర్భిణి డాక్టర్ సలహాతో బీ12 మాత్ర తప్పనిసరిగా వాడాలి.

మరి ఆ మాత్ర ఎక్కడ దొరుకుతుంది? ప్రభుత్వం నాలుగో నెల నుంచి 180 రోజులు ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాల్షియం మాత్రలు వేరే ఇస్తారు. ఇనుము మాత్రలో బీ12 లేదు. బీ12 లోపం ఉన్నవారికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే అందితే రక్తహీనత తగ్గినట్టు కనిపించవచ్చు, నరాలకు జరిగే నష్టం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. అలాగని ఇనుము మాత్ర ఆపకూడదు. దానికి తోడు బీ12 కూడా అందాలి.

అంటే పరీక్షలకు, మాత్రలకు, రకరకాల పప్పులకు డబ్బున్న ఇంట్లో వీగన్ ఆహారం ఒక ఎంపిక. పనికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో గుడ్డు, మాంసం తీసేస్తే మిగిలేది అన్నం, పచ్చిపులుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ దేశంలో తిండి మానుకోమనడం ఎవరికి భారమో వేరే చెప్పక్కర్లేదు.

మన వాడల్లో పెద్దకూర, బోటి, ఎండు చేపలు తక్కువ ఖర్చులో బలమిచ్చిన తిండి. వాటిని అపవిత్రమన్న కులమే గోవధ నిషేధాల రూపంలో వాటిని కంచం దాకా రానివ్వడం లేదు. ఇప్పుడు అదే తిండిని అనారోగ్యకరమని చెప్తే, సిగ్గుపడి మానేసేది మన ఆడపిల్లలే.

తెలుగు రాష్ట్రాలు కొంత నయం. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీల్లో గర్భిణులకు భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన సంపూర్ణ పోషణ కూడా గర్భిణులకు గుడ్డు, పాలు అందించింది. ఆ గుడ్డు, పాలు కలిస్తే రోజుకు కావలసిన బీ12లో సుమారు సగం అందుతుంది. ఇది దయ కాదు. గర్భిణికి అంగన్‌వాడీలో ఉచిత భోజనం 2013 ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ ఇచ్చిన హక్కు.

అందుకే మేం అడుగుతున్నవి మూడు. అంగన్‌వాడీ గుడ్డును ఏ మతం పేరుతోనూ, ఏ ఆరోగ్యం పేరుతోనూ తీసేయకూడదు. శాకాహారులకు, వీగన్లకు బీ12 పరీక్ష, మాత్ర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా అందాలి. గర్భిణికి ఆహార సలహా ఇచ్చేవారు ఆమె ఇంటి తిండి ఏమిటో అడిగి, దాన్ని గౌరవించి, దానిపైనే సలహా కట్టాలి. మానుకోవాలా వద్దా అన్నది ఆ తరువాత ఆమె నిర్ణయించుకుంటుంది.