పక్షికి దక్కిన పైవస్త్రం

రోమన్ క్యాథలిక్ ఆర్చ్‌బిషప్పుల్లో ఒక ప్రాంతానికంతటికీ పెద్దగా ఉండేవారు పూజావస్త్రాల మీద తెల్లటి ఉన్ని పట్టీ ఒకటి భుజాల చుట్టూ వేసుకుంటారు. దాని మీద ఆరు నల్ల సిలువలుంటాయి. పేరు పాలియం. లాటిన్‌లో పైవస్త్రం అనే అర్థం. కర్నూలు బిషప్‌గా పనిచేసి, 2020లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్‌గా నియమితులై, 2022లో తెలుగువారిలో తొలి కార్డినల్ అయిన పూల ఆంథోనీ గారిది ఆ హోదాయే. తప్పిపోయిన గొర్రెపిల్లను భుజాన వేసుకొచ్చే కాపరికి ఆ ఉన్ని గుర్తట. కంబళి కప్పుకొని మందల వెంట తిరిగే అనంతపురం సీమవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. భుజం మీది గుడ్డకు ఉన్న విలువా మనకు కొత్తది కాదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద విజయనగర కాలపు చిత్రకారులు బట్టల అంచుల మీద పెట్టిన శ్రద్ధ చూస్తే చాలు.

ఇదే పేరు మెదడులోనూ ఉంది. మన పెద్దమెదడును దుప్పటిలా కప్పి ఉండే పైభాగాన్ని శరీరశాస్త్రజ్ఞులు పాలియం అన్నారు. చూసింది గుర్తుపట్టడం, మాట్లాడటం, రేపటి గురించి ఆలోచించడం చాలావరకు అక్కడి పనే. అందుకే అదీ ఒక హోదా వస్త్రమే అయింది. ఎవరికి ఉంది, ఎవరికి లేదు అనే తగువూ వచ్చింది.

ఆ తగువులో నష్టపోయినవి పక్షులు. సుమారు వందేళ్ల కిందట జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ఎడింగర్ పక్షి మెదడును కోసి చూశాడు. మన మెదడు పైభాగంలో ఉన్నట్టు పొరలు పొరలుగా ఏమీ కనబడలేదు, ముద్దలు కనబడ్డాయి. మనలో అలాంటి ముద్దలు మెదడు లోతుల్లో ఉంటాయి, వాటిని స్ట్రయేటం అంటారు. కాబట్టి పక్షి ముందుమెదడు దాదాపు అంతా స్ట్రయేటమేనని తేల్చారు. ఆలోచించే భాగం లేదు కనుక పక్షి చేసేదంతా పుట్టుకతో వచ్చిన అలవాటే అనుకున్నారు. చూసిన తీరులో పెద్ద పొరపాటు లేదు, పెట్టిన పేరులో ఉంది. ఆ పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి తరాలపాటు కదల్లేదు. కాకి తెలివి గురించి మన నాయనమ్మలు చెప్పింది కథ కిందే జమైంది.

2002లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పక్షి మెదడును చదివే శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. మనుషులకూ పక్షులకూ ఉమ్మడి పూర్వికుడు 30 కోట్ల ఏళ్లకు ముందటివాడు. అయినా ఏ కణజాలం దేని నుంచి పుట్టిందో, ఏ జన్యువులు ఎక్కడ పనిచేస్తున్నాయో చూస్తే, పక్షి ముందుమెదడులో అధికభాగం పాలియమేనని తేలింది. 2004లో కొత్త పేర్లు అచ్చయ్యాయి. నియోస్ట్రయేటం పోయి నిడోపాలియం వచ్చింది, ఆర్కిస్ట్రయేటం పోయి ఆర్కోపాలియం వచ్చింది. వీలైనంతవరకు మొదటి అక్షరం మారకుండా జాగ్రత్తపడ్డారు, పాత పటాల్లోని పొడి అక్షరాలు పనికొస్తాయని. పొరపాటు దిద్దుకునేటప్పుడు కూడా పొదుపు చూసుకున్న ఆ ఇంగితం నాకు నచ్చింది. 2016లో మరో లెక్క వచ్చింది. మకావ్ చిలుక మెదడు మకాక్ కోతి మెదడు కన్నా చాలా చిన్నది. ముందుమెదడులోని నాడీకణాలు మాత్రం చిలుకకే ఎక్కువ. పక్షి మెదడులో కణాలు అంత చిక్కగా అమరి ఉంటాయి.

ఈ సంగతి లేపాక్షిలో చెప్పుకోవడం సబబు. రావణుడికి అడ్డుపడి రెక్కలు తెగి పడిన జటాయువును రాముడు ‘లే పక్షీ’ అని పలకరించాడని చెప్పుకునే ఊరది. ఆ కథలో పక్షి ధర్మం ఎరిగినది, రావణుడికి బుద్ధి చెప్పి చూసినది, కొనఊపిరితో కబురు అందించినది. దాన్ని శాస్త్రానికి సాక్ష్యంగా నిలబెట్టాలని కాదు. కథ చెప్పినవాళ్లు పక్షిని దగ్గరగా చూసి, తక్కువ చేయకుండా చెప్పారనే నా మాట.

గౌరవం పేర్లలో ఆగిపోతే మాత్రం లాభం లేదు. జటాయువును గద్ద జాతి అన్నవారున్నారు, రాబందు అన్నవారున్నారు. ఆ రాబందులు 1990ల నుంచి దేశంలో కుప్పకూలాయి. పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను చెడగొట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషుల కోసం తయారైన సీసాలు దొడ్డిదారిన పశువులకు చేరడంతో 2015లో వాటి పరిమాణాన్నీ తగ్గించాల్సి వచ్చింది.

లేపాక్షిలో బండ మీద నిలబెట్టిన జటాయువు విగ్రహాన్ని చూడటానికి బడిపిల్లలు వస్తుంటారు. పర్యాటక శాఖవారు అక్కడ తెలుగులో ఒక బోర్డు పెట్టించి, పక్షి మెదడు సంగతీ రాబందుల సంగతీ నాలుగు ముక్కల్లో రాయించాలి. మందలు, పశువులు ఉన్న రైతులు నొప్పి మందు కొనేటప్పుడు పశువైద్యుడిని మెలోక్సికామ్ అడగాలి. రాబందులకు హాని చేయదని పరీక్షించి చూసిన మందు అది.