కంప్యూటరులో తెలుగు చానళ్లు: సరిహద్దు పల్లెలకు ఏ మార్గం మేలు?

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రానికి చేరింది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. పర్లాకిమిడి ఒడిశాలో, సిరోంచ మహారాష్ట్రలో ఉన్నాయి. పాలనా సరిహద్దులు ఎలా మారినా ఈ ప్రాంతాల తెలుగు ఇళ్లలో మాట మారలేదు. కాని మన పిల్లల్లో చాలామంది కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ మాధ్యమాల్లో చదువుతున్నారు. తెలుగు లిపి రాని పిల్లలకు ఇంటి మాట తరువాత తెలుగు వినిపించేది టీవీయే. అందుచేత ఏ చానల్ వస్తుంది, ఏది రాదు అన్నది మనకు వినోదానికి మించిన విషయం.

కోరిన చానల్‌ను విడిగా ఎంచుకునే హక్కును ట్రాయ్ నిబంధనలు 2019 ఫిబ్రవరి 1 నుండి వీక్షకులకు కల్పించాయి. అయితే కేబుల్ నిర్వాహకుని జాబితాలో ఉన్న చానళ్లకే ఆ హక్కు వర్తిస్తుంది. తెలుగువారు కొద్దిమందే ఉన్న చోట గిరాకీ లేదని తెలుగు చానళ్లను తగ్గిస్తే, ఎంచుకోవడానికి మిగిలేది స్వల్పమే. ఈ లోటును కంప్యూటరు ఎంతవరకు తీర్చగలదో పరిశీలిద్దాం.

పాత పద్ధతి ట్యూనరు కార్డు. 2000ల దశాబ్దంలో దానిని కంప్యూటరులో అమర్చి యాంటెన్నా తీగనో, కేబుల్ తీగనో తగిలిస్తే బొమ్మ వచ్చేది. 2012లో మహానగరాలతో మొదలైన కేబుల్ డిజిటలీకరణకు గ్రామాల్లో 2017 మార్చి 31 గడువు అయింది. దూరదర్శన్ పాత భూతల ట్రాన్స్‌మిటర్లు కూడా 2022 నాటికి చాలావరకు మూతపడ్డాయి. కనుక ఇప్పుడు ఆ పాత కార్డులు కొనడం దండగ. సెట్‌టాప్ బాక్సు ఎరుపు, తెలుపు, పసుపు తీగలను యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటరుకు కలుపుకోవచ్చు. కాని బాక్సులో రాని చానల్ కంప్యూటరులోనూ రాదు.

రెండవది ఉపగ్రహ మార్గం. 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఉచిత డీటీహెచ్, అంటే నేటి డీడీ ఫ్రీ డిష్‌కు నెలవారీ చందా లేదు. సప్తగిరి, యాదగిరి రెండూ అందులో ఉన్నాయి. రాష్ట్రం ఏదైనా ప్రసారం ఒకటే. ప్రైవేటు తెలుగు చానళ్లు తక్కువన్నదే లోపం.

మూడవది, అన్నిటికన్నా విస్తృతమైనది అంతర్జాలం. టీవీ9, ఎన్‌టీవీ, ఏబీఎన్, వీ6 వంటి వార్తా చానళ్లు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా ఉచితంగా వస్తున్నాయి. సీరియళ్లకు, సినిమాలకు జెమినీ వారిది సన్ నెక్స్ట్, జీ తెలుగు వారిది జీ5, ఈటీవీ వారిది ఈటీవీ విన్. స్టార్ మా కార్యక్రమాలు 2025 ఫిబ్రవరిలో ఏర్పడిన జియోహాట్‌స్టార్‌లో లభిస్తాయి. ప్రసార భారతి కూడా 2024 నవంబరులో వేవ్స్ అనే వేదికను ప్రారంభించింది. కంప్యూటరును హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపితే ఇంటిల్లిపాదీ కలిసి చూడవచ్చు.

ఇక్కడ భాషను నిర్ణయించే అధికారం కేబుల్ నిర్వాహకుని నుండి ఇంటివారికి వస్తుంది. దానితో పాటు ఖర్చు కూడా వస్తుంది. 480 నాణ్యతతో చూస్తే గంటకు అర జీబీకి పైగా, 720తో జీబీకి పైగా డేటా అవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ఫోను ప్యాకును కంప్యూటరుకు పంచుకుంటే 720లో గంటకే దాదాపు అయిపోతుంది. నాణ్యతను 360కి తగ్గిస్తే వార్తలకు చాలు. రోజంతా చూసే ఇంటికి తీగ ద్వారా వచ్చే బ్రాడ్‌బ్యాండ్ మేలు. వేదికలన్నిటికీ చందా కడితే కేబుల్ ఖర్చును మించవచ్చు. ఇంట్లో ఎక్కువగా చూసే ఒక్కదానితో సరిపెట్టుకోవడం వివేకం.

మరొక హెచ్చరిక. అన్ని చానళ్లూ ఉచితమని ఊరించే అనధికార సైట్ల జోలికి పోరాదు. వైరస్‌లు చొరబడేది, బ్యాంకు కార్డు వివరాలు దొంగల చేతికి చిక్కేది ఎక్కువగా ఇటువంటి చోటే.

కంప్యూటరు లేని ఇళ్ల సంగతేమిటి? పంచాయతీలకు ఆప్టికల్ తీగ చేర్చేందుకు 2011లో ఆమోదం పొందిన పథకమే నేటి భారత్‌నెట్. ఆ తీగ తమ పంచాయతీ దాకా వచ్చిందో లేదో గ్రామస్థులు విచారించాలి. వచ్చిన చోట గ్రంథాలయంలోనో, బడిలోనో వారానికి కొన్ని గంటలు తెలుగు కార్యక్రమాలు చూపమని కోరవచ్చు. అలాగే వీధిలోని తెలుగు కుటుంబాలన్నీ కలిసి తమకు కావలసిన చానళ్ల పేర్లు రాసి కేబుల్ నిర్వాహకునికి అందజేయాలి. ఒక్కరి మాటకన్నా పదిమంది సంతకాలకు బలం ఎక్కువ.

ఉన్న ఊరి భాష నేర్వడం పిల్లల బతుకుకు అవసరం. ఇంటి భాష వినడం వారి హక్కు. రోజుకు అరగంట తెలుగు చెవిన పడేలా చూడటానికి దారి నేడు మన చేతిలోనే ఉంది.