కైరోలో పియానో పంచాయితీ

1932 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈజిప్టు రాజు ఫువాద్ ఆధ్వర్యంలో కైరోలో అరబ్బు సంగీత మహాసభ జరిగింది. బేలా బార్టోక్, పాల్ హిండెమిత్, కర్ట్ జాక్స్ వంటి యూరప్ ఉద్దండులు వచ్చారు. ఇస్తాంబుల్ నుంచి రవూఫ్ యెక్తా, బాగ్దాద్ నుంచి గాయకుడు మహమ్మద్ అల్ కుబ్బంజీ వచ్చారు. అక్కడ గట్టిగా తగవు నడిచిన విషయాల్లో పియానో ఒకటి. ఈజిప్టు వాళ్లలో పలువురు అది తమకు కావాలన్నారు. పియానో పుట్టిన గడ్డ నుంచి వచ్చినవాళ్లేమో వద్దన్నారు. పావుస్వరాలు పలికే పియానోల నమూనాలు కూడా సభ ముందుకు వచ్చాయి గానీ తగవు తేలలేదు. ఇప్పటికీ దీన్ని సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్య పోరుగానే చెప్పుకుంటారు. ఆ లెక్కన చూస్తే ఎవరి పక్షం వహించినా పొరపాటే అవుతుంది. ఒక స్వరం ఎంత ఎత్తున నిలవాలో తేల్చే అధికారం వాయించేవాడి దగ్గర ఉందా, వాద్యం తయారుచేసినవాడి దగ్గర ఉందా అని అడిగితే ఆ తగవు సారం తెలుస్తుంది.

అరబ్బు, పారశీక, తుర్కీ సంగీతాలు మూడింటిలోనూ మన అంతర గాంధారానికీ సాధారణ గాంధారానికీ నడుమ నిలిచే స్వరాలున్నాయి. రాస్త్ అనే మకామ్‌లో (మకామ్ అంటే మన రాగం లాంటిది) మూడో స్వరం అలాంటిదే. దాని చోటు అన్ని ఊళ్లలో ఒకటి కాదు. ఇస్తాంబుల్‌లో పైకి ఉంటుంది, కైరోలో అంతకంటే కిందికి దిగుతుంది. ఊద్ అనే తీగవాద్యానికి మెట్లు లేవు కాబట్టి వేలు ఎక్కడ ఆనితే అక్కడే స్వరం. ఎనిమిదో శతాబ్దిలో బాగ్దాద్ దర్బారులో ఊద్ వాయించిన జల్‌జల్ మధ్యవేలు ఆనించే ఒక చోటు ఆయన పేరుతోనే స్థిరపడింది. ఒకటిన్నర శతాబ్దం తర్వాత అల్ ఫారాబీ దాన్ని 27కు 22 నిష్పత్తిగా లెక్కగట్టాడు. వేలు ముందు, లెక్క తర్వాత. ఇరాన్ సెతార్ చూడండి. నాలుగు తీగలు, చూపుడువేలి గోటితో మీటుతారు. మెట్లు ఒకప్పుడు పేగుతో చేసినవి, ఇప్పుడు ఎక్కువగా నైలాన్ దారాలు. మెడ చుట్టూ ముడివేసి ఉంటాయి. దస్త్‌గాహ్, అంటే అక్కడి రాగవ్యవస్థ, మారితే వాయించేవాడు ఒక ముడిని వెంట్రుకవాసి పైకో కిందికో నెట్టి, తీగ మీటి, చెవి ఒప్పుకున్నాక మొదలుపెడతాడు. తుర్కీల నేయ్ రెల్లు గొట్టాన్ని పెదవి మూలన ఆనించి ఊదుతారు. తల కాస్త వాల్చితే చాలు, స్వరం దిగుతుంది. కానూన్ అనే వాద్యం మీద తీగలు ముందే బిగించి ఉంటాయి కదా అనవచ్చు. మీటలు రాకముందు కానూన్ వాద్యకారులు ఎడమ బొటనవేలి గోటితో తీగను నొక్కి కావలసిన స్వరాన్ని రాబట్టేవారు. ఆ తర్వాత తీగల కొసన చిన్న లోహపు మీటలు వచ్చి చేరాయి. తుర్కీ పనివాళ్లు ఒక్కో తీగల జట్టుకు అరడజనుకు పైగానే మీటలు అమర్చారు, వాయిస్తూనే ఎత్తు మార్చుకోవడానికి.

వీటన్నిటినీ ఒక నిచ్చెన మీదికి ఎక్కించాలనుకున్నవాళ్లు మూర్ఖులు కారు. పందొమ్మిదో శతాబ్దిలో లెబనాన్‌కు చెందిన మిఖాయిల్ మిషాకా స్థాయిని 24 సమాన భాగాలు చేసిన పద్ధతి గురించి గ్రంథం రాశాడు. ఇరవయ్యో శతాబ్దిలో అలీనఖీ వజీరీ ఇరాన్‌లో అదే దారి పట్టి, పావుస్వరాలకు గుర్తులు కూడా ఏర్పరిచాడు. బడిలో నలభైమందికి ఒకేసారి నేర్పాలంటే, వాద్యబృందం మొత్తం ఒక్క గొంతుతో పలకాలంటే ఏదో ఒక కొలబద్ద ఉండాలన్న వాదం న్యాయమైనదే. చిక్కల్లా కొలబద్దనే బట్ట అనుకోవడంతో వస్తుంది. తుర్కీలో సమాన భాగాలు కాదని ఒక పూర్ణస్వరాంతరాన్ని తొమ్మిది కోమాలుగా విభజించిన పద్ధతి నడుస్తోంది. దానిలోనూ ఉష్షాక్ మకామ్ రెండో స్వరాన్ని ఒక్క కోమా తగ్గించి రాస్తారు. వాయించేటప్పుడు అంతకంటే బాగా కిందికి దించుతారు, అవరోహణలో మరీను. శిష్యుడికి ఆ తేడా కాగితం చెప్పదు, గురువు పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

ఇదంతా యూరప్ పండితుల మోజు కదా, తూర్పు దేశాలు మ్యూజియంలా మిగిలిపోవాలని వాళ్ల కోరిక కదా అని ఎదురు ప్రశ్న వేయవచ్చు. అందులో నిజం లేకపోలేదు. సొంత దేశంలో కొత్త సంగీతాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లు కైరోకు వచ్చి పాతదాన్నే కాపాడుకోండని హితబోధ చేస్తే ఈజిప్టు వాళ్లకు ఒళ్లు మండడం సహజం. అయితే పరాయి వాద్యమంటే వాళ్లకు అంతకుముందూ బెరుకు లేదు. పందొమ్మిదో శతాబ్ది రెండో సగంలోనే వయొలిన్ వచ్చి ఈజిప్టు తఖ్త్ బృందంలో కమానుతో వాయించే పాత కమాన్‌జా చోటు తీసుకుంది. పై రెండు తీగలను దించి స-ప-స-ప వరసలో శ్రుతి చేసుకున్నారు. మన కర్ణాటక విద్వాంసులు చేసిందీ సరిగ్గా అదే. వయొలిన్‌కు మెట్లు లేవు గనుక ఎవరి గాంధారం వాళ్లకు దక్కింది. తుర్కీలోకి క్లారినెట్ కూడా అలాగే వచ్చింది, పెదవి బిగువుతో స్వరాన్ని జారుస్తూ. అదే తుర్కీలో 1934లో ప్రభుత్వం రేడియోలో దేశీ సంగీతాన్ని ఇరవై నెలలపాటు ఆపేస్తే, శ్రోతలు తమకు అలవాటైన స్వరాల కోసం కైరో కేంద్రం వైపు ముల్లు తిప్పుకున్నారు.

ఇంకా గట్టి ఆక్షేపణ ఇరాన్ నుంచి వస్తుంది. అక్కడ మోర్తెజా మహ్‌జూబీ పియానో మీదే పారశీక సంగీతాన్ని వాయించి, గోల్హా రేడియో కార్యక్రమం ద్వారా లక్షలమందిని మెప్పించాడు. మరి పియానో చేసిన తప్పేమిటి? ఆయన పియానో అంగట్లో దొరికే శ్రుతిలో ఉండేది కాదు. తీగలను పారశీక స్వరాలకు దించుకుని వాయించేవాడు. వాళ్ల సొంత సంతూర్‌దీ అదే కథ. డెబ్బై రెండు తీగలు, వాయించేటప్పుడు ఏదీ సులువుగా కదలదు. దస్త్‌గాహ్ మారినప్పుడల్లా కూర్చుని శ్రుతి చేసుకోవాలి. అంటే బిగించిన స్వరమైనా ఫరవాలేదు, బిగించిన చెయ్యి వాయించేవాడిదైతే. మన హార్మోనియం గొడవ కూడా ఈ వెలుగులోనే చూడాలి. ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించి, మూడు దశాబ్దాల తర్వాత గానీ సడలించలేదు. ఆ కాలమంతా మన పద్యనాటకం హార్మోనియం మీదే నడిచింది. నటుడి గొంతు మెట్ల మధ్య ఖాళీల్లో తిరిగేది, పెట్టె దాని వెనక నడిచేది. నిషేధం మోటు మందు. పెట్టె ముందు నడిచి గొంతును తన వెంట లాక్కుపోయిన చోట మాత్రం నష్టం జరిగిన మాట నిజం.

కైరో తగవు ఇప్పుడు పెళ్లిపందిళ్లలో నడుస్తోంది. అరబ్బు దేశాల కోసం తయారయ్యే ఎలక్ట్రానిక్ కీబోర్డులకు పావుస్వరపు మీటలుంటాయి. నొక్కితే గాంధారమో నిషాదమో సరిగ్గా యాభై సెంట్లు (అరస్వరంలో సగం) దిగుతుంది, అలెప్పోలోనైనా కైరోలోనైనా. చాలా నమూనాల్లో ఆ యాభైని నలభై చేసుకునే, అరవై చేసుకునే వీలూ ఉంది. తన ఊరి రాస్త్‌కు తగ్గట్టు దాన్ని జరుపుకుని వాయించే కళాకారుడితో మాకు పేచీ లేదు. ఆ సెట్టింగు జోలికే పోకుండా, ఫ్యాక్టరీ పంపిన అంకెకు గాయకుడి గొంతును దిద్దుతున్నచోట మాత్రం 1932లో పియానో వద్దన్నవాళ్ల మాట నిజమైనట్టే.