కడబూర మోగేదాకా మన పని, మన పాట



ఈ నెల ఒక చెల్లెమ్మ ఉత్తరం రాసింది. పేరు వేయొద్దన్నది, వేయడం లేదు. ఆమె పెనిమిటి ముప్పై ఏండ్లకు పైగా సాంచాల మీద పనిచేసి రిటైరయిండు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి నాలుగు రాళ్లు చేతికొచ్చినయి. అదే నెలలో ఊరూరు తిరిగే ఒక బోధకుడు వాళ్ల బస్తీలో మూడు రాత్రులు కూటాలు పెట్టిండు. ప్రభువు రాకడ రెండేండ్లలోపే అన్నడు. బ్యాంకులో డబ్బు దాచుకున్నోనికి విశ్వాసం లేనట్టే అన్నడు. ఇప్పుడు పెనిమిటి సగం సొమ్ము కానుకగా ఇస్తానంటున్నడు. పదో తరగతి చదివే బిడ్డను చూసి, ఇంకెందుకే చదువు అంటున్నడు. "అన్నా, ఇస్తే ఇల్లు గడవదు. వద్దంటే దేవునికి ఎదురు చెప్పినట్టయితదేమోనని భయం. ఏం చెయ్యాలె?" అని అడిగింది.

చెల్లెమ్మా, ఈ ప్రశ్న నీ ఒక్కదానిది కాదు. యుద్ధం వార్త వస్తే, భూకంపం వస్తే, కొత్త రోగం వస్తే మన ఫోన్లన్నీ కడవరి దినాల మాటలతో నిండిపోతాయి. మిల్లు మూతబడిన చోట, చేతికి ఒక్కసారిగా డబ్బు వచ్చిన ఇంట ఈ మాటలు ఇంకా గట్టిగా వినబడతాయి. అందుకే జవాబు అందరికీ పనికొచ్చేటట్టు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ప్రభువు వస్తాడన్న నమ్మకం నవ్వులాట కాదు. సంఘం పుట్టిననాటి నుంచి ఆ నమ్మకం ఉంది. సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి ఆయన వస్తాడని మన పెద్దలు విశ్వాస ప్రమాణంలో చెప్పుకుంటూనే వచ్చారు. నమ్మకం మీద మనకు పేచీ లేదు. ఆ నమ్మకం మనిషిని ఎట్లా బతకమంటుంది అన్నదే ప్రశ్న.

దీనికి బైబిల్లోనే పాత జవాబు ఉంది. క్రీస్తు శకం 50 ప్రాంతంలో పౌలు థెస్సలొనీక సంఘానికి రెండు ఉత్తరాలు రాశాడు. థెస్సలొనీక ఇప్పటి గ్రీసు దేశంలో ఉంది. సముద్రపు రేవు, పెద్ద బజారు, పనివాళ్ల ఊరు. పౌలు కూడా పనివాడే, డేరాలు కుట్టేవాడు. మీ మీద భారం పడకుండా రాత్రీ పగలూ పనిచేసి బతికానని ఆ సంఘానికి తానే గుర్తు చేశాడు.

ఆ ఊరి విశ్వాసులకు ఒక దుఃఖం ఉండేది. ప్రభువు వచ్చేలోపే మనవాళ్లు కొందరు చనిపోయారే, వాళ్ల గతి ఏమిటి అని. పౌలు మొదటి ఉత్తరం నాలుగో అధ్యాయంలో దానికి జవాబిచ్చాడు. బూర మోగినప్పుడు చనిపోయినవాళ్లే ముందు లేస్తారు, బతికున్నవాళ్లు ఆ తర్వాత వాళ్లను కలుసుకుంటారు అన్నాడు. చివర ఈ మాటలతో ఒకరినొకరు ఓదార్చుకోమన్నాడు. ఇది గమనించండి. కడబూర మాట పుట్టింది చావు జరిగిన ఇంట్లో ఓదార్పు చెప్పడానికి. జనాన్ని బెదిరించి సంచి నింపుకోవడానికి కాదు.

కొన్నాళ్లకు అదే ఊళ్లో వేరే గాలి వీచింది. ప్రభువు దినం వచ్చేసిందని ఎవరో పుకారు పుట్టించారు. పౌలే రాశాడంటూ దొంగ ఉత్తరం కూడా తిరిగి ఉండొచ్చని రెండో ఉత్తరం చదివితే తెలుస్తుంది. మన కాలపు ఫార్వర్డ్ మెసేజీ లాంటిదే. కొందరు పని మానేసి, ఇతరుల సంగతుల్లో జోక్యం చేసుకుంటూ, ఇతరుల అన్నం తినసాగారు. పౌలు గట్టిగా మందలించాడు. పని చేయనొల్లనివాడు తినకూడదన్నాడు. నెమ్మదిగా పని చేసుకుని సొంత అన్నం తినమన్నాడు. పని దొరకనివాణ్ణి ఆయన ఏమీ అనలేదు, పని ఉండి మానేసినవాణ్ణే అన్నాడు. బదిలీ కార్మికునిగా గేటు దగ్గర నిలబడి, పిలుపు రాక తిరిగొచ్చినవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు.

ఇక తేదీల సంగతి. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాడు. మత్తయి 24వ అధ్యాయంలో ఉంది. అయినా లెక్కలు కట్టినవాళ్లు ఎందరో. అమెరికాలో విలియం మిల్లర్ అనే రైతు దానియేలు గ్రంథంలోని 2300 దినాలను ఏండ్లుగా లెక్కేసి రాకడ దగ్గర పడిందని ప్రకటించాడు. ఆయన అనుచరులు చివరికి 1844 అక్టోబరు 22ను ఖాయం చేసుకున్నారు. కొందరు రైతులు పంట తీయకుండా పొలంలోనే వదిలేశారు. ఆ రోజు వచ్చింది, పోయింది. చరిత్రలో దానికి మహా నిరాశ అని పేరు పడింది. మిల్లర్ మోసగాడు కాదు, నిజాయితీగా నమ్మినవాడే. నిజాయితీ ఉన్నా లెక్క తప్పింది.

దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28న విశ్వాసులు ఎత్తబడతారని ఒక సంఘం చాటింది. జనం ఉద్యోగాలు మానేశారు, ఇండ్లు అమ్మి సొమ్ము తెచ్చి ఇచ్చారు. ఆ సంఘం నాయకుడు మాత్రం ఆ తేదీ దాటిన తర్వాత గడువు తీరే బాండ్లు కొనిపెట్టుకున్నాడు. మోసం కింద అతనికి జైలు శిక్ష పడింది. అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు, అది దాటిపోతే అక్టోబరు 21 అన్నాడు. అదీ దాటింది. మరుసటి ఏడు తన లెక్క తప్పని ఒప్పుకున్నాడు. అతని మాట నమ్మి దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టేసుకున్నవాళ్లకు ఆ ఒప్పుకోలుతో ఒక్క రూపాయి తిరిగిరాలేదు.

ఇంకో భయం 666. ఆధార్ కార్డు మృగపు ముద్ర అని, బార్‌కోడు ముద్ర అని మన బస్తీల్లో కూడా చెప్తుంటారు. ఆ భయంతో కార్డు వద్దంటే రేషన్ ఆగుతుంది, పింఛను ఆగుతుంది. నష్టం మనదే. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం నిదానంగా చదవండి. అక్కడ ముద్ర మృగానికి మొక్కడంతో ముడిపడి ఉంది. ఆ కాలంలో రోమా చక్రవర్తిని దేవునిగా మొక్కాలన్న ఒత్తిడి ఉండేది. నీరో చక్రవర్తి పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి, అంకెలు కూడితే 666 వస్తుందని చాలామంది పండితులు చెప్తారు. యోహాను అడిగింది ఒకటే: నువ్వు ఎవరికి మొక్కుతావు? రేషన్ కోసం చూపే కార్డుకు ఎవరూ మొక్కరు.

ఆ గ్రంథం మొదట చేరిన ఏడు సంఘాలు ఇప్పటి టర్కీలో ఉన్నాయి. వాటి సంగతి తెలిస్తే మన మిల్లోళ్లకు ఆశ్చర్యమే. తుయతైర అద్దకంవాళ్ల ఊరు. ఫిలిప్పీలో పౌలు మాట విన్న లూదియ, ఊదారంగు సరుకు అమ్మే ఆమె, ఆ ఊరి మనిషే. అద్దకంవాళ్లకు, ఉన్నివాళ్లకు, నారబట్టవాళ్లకు అక్కడ వేర్వేరు సంఘాలు ఉండేవి. ఆ సంఘాల విందుల్లో విగ్రహాలకు నైవేద్యం పెట్టేవారు. విందుకు పోనంటే తోటివాళ్లకు దూరం, పనికి కష్టం. లవొదికయ నల్ల ఉన్ని బట్టకు పేరుపడ్డ ఊరు, డబ్బున్న ఊరు. ఆ ఊరి సంఘంతో ప్రభువు, నువ్వు దిగంబరివి, నా దగ్గర తెల్లబట్టలు కొనుక్కో అన్నాడు. బట్టలు నేసే ఊరికి బట్ట లేదనడం ఎంత పదునైన మాటో మగ్గం ముందు నిలబడ్డవాళ్లకు వేరే చెప్పాలా? స్ముర్న సంఘంతో మాత్రం, నీ పేదరికం నాకు తెలుసు, అయినా నువ్వు ధనవంతుడివే అన్నాడు.

ప్రకటన గ్రంథం అంటే మృగాలు, అగ్ని, తెగుళ్లు అనుకుంటాం. నిజానికి దాంట్లో పాటలు చాలా ఉన్నాయి. సింహాసనం చుట్టూ పాట, గొఱ్ఱెపిల్ల ముందు పాట. ఏడో అధ్యాయంలో ప్రతి జనం నుంచి, ప్రతి భాష నుంచి వచ్చిన లెక్కకు అందని గుంపు నిలబడి స్తుతిస్తుంది. ప్రతి భాష అంటే తెలుగు కూడా. సోలాపురంలో, భివండిలో, ముంబై చాళ్లలో, బయట మరాఠీ, హిందీ మాట్లాడి ఆదివారం తెలుగులో పాడుకునే మనకు ఆ గుంపులో చోటుంది. పత్మాసు ద్వీపంలో ఉన్న యోహాను ఆ దర్శనాన్ని కష్టాల్లో ఉన్న సంఘాలకు పంపింది, భయపడి పాట ఆపొద్దని.

తొలి క్రైస్తవులు ఎట్లా ఆరాధించేవారో ఒక అధికారి మాటల్లోనే మనకు తెలుసు. సుమారు 112లో బితూనియ ప్రాంతాన్ని ఏలిన ప్లినీ, చక్రవర్తి త్రాజానుకు ఉత్తరం రాశాడు. వీళ్లు ఒక నియమించిన రోజున తెల్లవారకముందే కూడుకుని క్రీస్తుకు పాట పాడతారని రాశాడు. ఆ కాలంలో ఆదివారం సెలవు కాదు, తెల్లవారితే పనికి పోవాల్సిందే. నైట్ షిఫ్టు దిగి నేరుగా ప్రార్థనకు వచ్చే మన తమ్ముళ్లు ఆ వరుసలోనివాళ్లే. వాళ్లు ఒట్టు పెట్టుకునేవారని కూడా ప్లినీ రాశాడు. దొంగతనం చేయం, వ్యభిచారం చేయం, మాట తప్పం, నమ్మి దాచమన్న సొమ్ము తిరిగి అడిగితే లేదనం అని. రాకడ కోసం ఎదురుచూసిన సంఘం పరాయి సొమ్మును అంత భద్రంగా చూసింది. ఇప్పుడు రాకడ పేరు చెప్పి పీఎఫ్ అడిగేవాణ్ణి ఈ కొలతతోనే కొలవండి.

ప్రభు బల్ల దగ్గర కూడా ఇదే ఉంది. ఆయన వచ్చేదాకా ఆ రొట్టె, ఆ గిన్నె ఆయన మరణాన్ని చాటుతాయని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. మరనాత అనే అరామిక్ మాట, అంటే ప్రభువా రమ్ము అని, ఆ ఉత్తరం చివర ఉంది. ఎదురుచూపు మన బల్ల దగ్గరే ఉంది. దానికి వేరే టికెట్టు లేదు.

మన తెలుగు నేల మీద జరిగినది కూడా ఒకటి చెప్తాను. 1876-78 కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత దూరం తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా మాదిగవాడల జనానికి, పని పెట్టి కూలి ఇచ్చాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. కరువు పని అయ్యాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. లోకం కూలుతున్నట్టున్న కాలంలో ఆయన తేదీ చెప్పలేదు, పలుగూ పారా చేతికిచ్చాడు.

లోకం కూలడం మనకూ తెలుసు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ముంబై మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది దిగారు. చాలామందికి మిల్లు భోంగా మళ్లీ మోగలేదు. కొందరు ఊళ్లకు తిరిగిపోయారు, కొందరు మరమగ్గాల ఊళ్లకు వెళ్లారు, కొందరు బండి పెట్టుకుని కూరగాయలు అమ్మారు. ఆ రోజుల్లో ఇండ్లను నిలబెట్టింది పక్కింటోళ్లు ఇచ్చిన చేబదులు, ఆడోళ్లు ఇండ్లల్లో చేసిన పని, పిల్లల్ని బడి మాన్పించకుండా పట్టిన పట్టు. నిరీక్షణ అంటే అదే.

కాబట్టి చెల్లెమ్మా, మీ ఆయనతో కోపంగా కాదు, కూర్చుని మాట్లాడు. ఆయన విశ్వాసాన్ని తక్కువ చేయకు. మూడు ప్రశ్నలు మాత్రం అడుగు. తేదీ ఎవరికీ తెలియదని ప్రభువు చెప్పినప్పుడు ఆ బోధకునికి ఎట్లా తెలిసింది? రెండేండ్లలో అంతా ముగిసిపోతే మన సొమ్ముతో ఆయనకేం పని? ప్రభువు రేపే వస్తే, చదువుకుంటున్న బిడ్డను చూసి సంతోషిస్తాడా, చదువు మాన్పించినందుకా?

కానుక ఇవ్వాలని మనసుంటే ఇవ్వండి. మీ సంఘంలో, లెక్క చూపించే చోట, ఇల్లు గడవగా మిగిలినదాంట్లోంచి ఇవ్వండి. మిగతాది మీ ఇద్దరి పేరన బ్యాంకులోనో పోస్టాఫీసులోనో వేయండి. బిడ్డ పరీక్ష ఫీజు ముందు కట్టండి. మందుబిళ్లలు మానొద్దు. మీ సంఘ కాపరిని, ఇద్దరు పెద్దల్ని ఇంటికి పిలిచి వాళ్ల ముందు ఈ మాట తేల్చుకోండి.

మిగతా ఇండ్లవాళ్లకు ఈ నెల పని ఇది. మొదటి థెస్సలొనీక ఉత్తరం నాలుగు, ఐదు అధ్యాయాలు ఇంటిల్లిపాదీ కూర్చుని పైకి చదవండి. తర్వాత మీ చాళ్లో ఈ ఏడు చావు జరిగిన ఇంటికి వెళ్లి ఓ గంట కూర్చుని రండి. బూర సంగతి మొదట చెప్పింది ఆ ఇంటివాళ్లకే. వచ్చే నెల కలుద్దాం.