పని మానిన కూలీ ఎవరికి బాకీ?



ఖర్చు పెట్టి మనిషిని తెచ్చుకున్నాము, నెల తిరగకముందే వెళ్ళిపోయాడు, మా నష్టానికి దిక్కెవరు అన్న ప్రశ్న చిన్న యజమానుల నోట తరచుగా వినవస్తున్నది. జగదల్‌పూర్ బజారులోని దుకాణదారు, బోరు బండి యజమాని, గోదావరి తీరాన మిరప వేసిన కౌలు రైతు, అందరిదీ ఇదే మాట. ఈ ప్రశ్న అక్రమమైనదని మేము అనము. చిన్న యజమానికి పెద్ద పెట్టుబడిదారుకు ఉన్న వెన్నుదన్ను లేదు. అతడు పెట్టిన ప్రయాణ ఖర్చు కూడ వడ్డీకి తెచ్చినదే కావచ్చు. అయితే ఈ ప్రశ్నకు అతడు తనంతట తానే వ్రాసుకుంటున్న జవాబులను, అనగా కూలి బిగబట్టుట, ఆధార్ కార్డును, చదువు సర్టిఫికెట్లను పెట్టెలో దాచుట, ఖాళీ కాగితంపై వేలిముద్ర వేయించుకొనుట, పోలీసు ఠాణాలో మోసం కేసు పెట్టుట, వీటిని మాత్రం శ్రామికవర్గం సహించరాదు.

బస్తర్ పరిస్థితిని చూడుడు. బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల ఆదివాసులు ఏటేటా మిరప కోతల కాలంలో ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాలకు తరలివస్తారు. మేస్త్రీ రైతు దగ్గర అడ్వాన్సు పుచ్చుకుంటాడు, బండి మాట్లాడుతాడు, ఊళ్ళో తలకు ఇంతని పంచి మనుషులను ఎక్కిస్తాడు. అడ్వాన్సులో ఎంత మేస్త్రీ జేబులో మిగిలినదో కూలీకి తెలియదు, రైతుకూ తెలియదు. తోటకు చేరిన తరువాత తిండి గింజలు పెట్టి, లెక్క ఆఖరున చూతామంటారు. లెక్క ఆఖరున అన్న ఈ ఒక్క మాటతో కూలీ చేసిన పని అంతా యజమాని చేతిలో తాకట్టు సొత్తు అవుతుంది. నడుమ వెళ్ళిపోతే పోయేది అడ్వాన్సు కాదు, అప్పటికే చెమటోడ్చి సంపాదించుకున్న కూలి.

మరి నడుమ ఎందుకు పోతారు? ఆదివాసికి నిలకడ లేదని పట్టణవాసులు తేలికగా తేల్చివేస్తారు. మార్చి, ఏప్రిల్ నెలలలో బస్తర్ అడవిలో ఇప్పపూలు రాలుతాయి. వెనువెంటనే తునికాకు కోత వస్తుంది. తునికాకుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 నుండి ప్రామాణిక బస్తాకు 5,500 రూపాయలు చెల్లిస్తున్నది. సొంత ఊరిలో, సొంత గుడిసెలో పడుకొని, ఆకు కట్టకు రొక్కం పుచ్చుకొనే అవకాశం ఉండగా, లెక్క ఆఖరున చూతామనే తోటలో ఎవడు కూర్చుంటాడు? ఇది నిలకడ లేమి కాదు, లెక్క తెలియుట. ఏ రైల్వే ఉద్యోగి అయినా, ఏ తపాలా ఉద్యోగి అయినా మెరుగైన కొలువు దొరికినప్పుడు చేసే లెక్క ఇదే. మనం దానిని రాజీనామా అంటాము, ఆదివాసి చేస్తే పారిపోయాడంటారు.

పోదలచినా పోవుటకు దారి లేని కాలమూ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా మిరప తోటల నుండి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయలుదేరిన పన్నెండేండ్ల బాలిక ఇల్లు చేరకుండానే ప్రాణం విడిచింది. పన్నెండేండ్ల పిల్ల కూలికి ఎట్లు వచ్చినదన్న ప్రశ్న నాడు కొన్ని దినములు పత్రికలలో నలిగింది, ఆ మీదట సద్దుమణిగింది.

పని మానుట నేరమన్న భావం ఈ దేశపు మట్టిలో పుట్టినది కాదు. కలకత్తాలోని తెల్ల వ్యాపారుల సంఘం మొరపెట్టుకొనగా 1859లో పదమూడవ నంబరు చట్టం వచ్చింది. అడ్వాన్సు పుచ్చుకొని పని మానిన కార్మికుని మేజిస్ట్రేటు ఎదుటికి ఈడ్చి, పని చేస్తావా, డబ్బు కడతావా అని అడిగి, రెండూ కాకుంటే మూడు నెలల వరకు జైలుకు పంపుటకు అది వీలు కల్పించింది. అస్సాం తేయాకు తోటల దొరలు దానిని కొరడావలె వాడుకున్నారు. 1925లో ఆ చట్టాన్ని రద్దు చేస్తూ శాసనం చేయవలసి వచ్చింది. యజమాని ఖర్చుతో దూరప్రాంతానికి తీసుకుపోబడిన పనివాడు ఒప్పందం మీరితే శిక్ష అని శిక్షాస్మృతిలో ఉండిన 492వ సెక్షను కూడ అదే ఏడు రద్దయింది. అనగా, రైలు ఛార్జీ పెట్టి తెచ్చిన మనిషి వెళ్ళిపోతే నేరం కాదని ఈ దేశపు శాసనం నూరేండ్ల క్రిందటనే ఒప్పుకున్నది. నేడు ఠాణా మెట్లెక్కే యజమాని ఆ 492కే మోసం కేసు అనే కొత్త చొక్కా తొడుగుతున్నాడు. మొదటనే వంచించే ఉద్దేశం ఉన్నదని ఋజువు కానిదే, మాట తప్పుట మోసం కాదు. ఇది పోలీసు వారికి తెలియని సంగతి కాదు.

బస్తర్ సరిహద్దున కోరాపుట్ ఏజెన్సీలో అప్పుకు మనిషి కట్టుబడి చేసిన వెట్టిని గోతి అనేవారు. తెలుగువారికి ఆ మాటకు వేరే అర్థం చెప్పనక్కరలేదు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అటువంటి అప్పులన్నింటినీ కొట్టివేసింది. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో, కనీస వేతనం కన్న తక్కువకు చేయించుకున్న పని రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమయే అని సుప్రీంకోర్టు చెప్పింది. 1983లో ఫరీదాబాదు రాతి క్వారీల కేసులో, నిర్బంధ శ్రమ ఉన్నదని తేలిన చోట దాని వెనుక అడ్వాన్సు ఉన్నదనియే భావించవలెనని చెప్పింది.

ఇక యజమానులకు ఈమధ్య ఒక కొత్త ఆయుధం దొరికినట్లున్నది. విజయా బ్యాంకు కేసులో 2025 మే నెలలో సుప్రీంకోర్టు, మూడేండ్లు నిండకముందే ఉద్యోగం విడిచిన అధికారి నుండి రెండు లక్షల రూపాయలు రాబట్టే షరతు చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ప్రతిని ఊపుతూ ప్రతి చిన్న సంస్థ తన గుమాస్తా చేత బాండు వ్రాయించుకొనుటకు ఉత్సాహపడుతున్నది. తీర్పును చదివి మాట్లాడవలె. అక్కడ ఉన్నది ప్రభుత్వ రంగ బ్యాంకు. ఖాళీని భర్తీ చేయవలెనంటే బహిరంగ ప్రకటన, పోటీ, దీర్ఘమైన ప్రక్రియ తప్పవని కోర్టు చూసింది. ఆ అధికారి హోదాను, జీతాన్ని చూసి ఆ మొత్తం మితిమీరినది కాదన్నది. ఈ కొలతలలో ఏది మిరప కోసే కూలీకి సరిపోతుంది? సెల్‌ఫోన్ల దుకాణంలో నిలబడే కుర్రవానికి ఏది వర్తిస్తుంది? ఆ తీర్పు మనకు ఆనందం కలిగించునది కాదు. అయినను అందులో లేని దానిని యజమానులు చదువుతుంటే ఊరకుండరాదు.

ఒప్పందం మీరుట గురించి యజమానులు ఇంతగా వాపోతున్నారు కదా, ఆ పాపం ఒక వైపే ఉన్నదా? కొత్తవలస-కిరండుల్ మార్గంలో ఖనిజపు వ్యాగన్లు నడిపిన రైల్వే సోదరులకు బైలదిల్లా పేరు తెలియనిది కాదు. అక్కడ చేతితో ఇనుప ఖనిజం తవ్విన కాంట్రాక్టు కూలీలను, యంత్రములు వచ్చినవని, వేల సంఖ్యలో పని నుండి తొలగించారు. అడగవచ్చిన వారిపై 1978 ఏప్రిల్ 5న కిరండుల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముందుగా పని మాన్పించినందుకు ఆ కాంట్రాక్టర్లను బాండు సొమ్ము కట్టమని అడిగినవాడు లేడు. 1974 మే నెలలో మనం చక్రాలు ఆపినప్పుడు మాత్రం సర్వీసు తెగినదన్నారు, క్వార్టర్ల నుండి కుటుంబాలను వీధిన పడవేశారు. కూలీ పని ఆపితే ద్రోహం, యజమాని పని ఆపితే పరిపాలనా సౌలభ్యం.

చిన్న యజమానికి దారి లేదా అంటే ఉన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం సివిల్ కోర్టులో పరిహారం కోరవచ్చు. పత్రంలో వ్రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది అందులో న్యాయమైనంత వరకే. మనిషిని తిరిగి పనిలోకి రమ్మని ఏ కోర్టూ ఆజ్ఞాపించదు. ఇంతకన్న తెలివైన దారి మరొకటున్నది. కమీషను తిన్నది మేస్త్రీ, ఏజెంటు. మనిషి నిలవకపోతే కమీషను తిరిగి ఇయ్యవలెనని ముందే అతనితో వ్రాయించుకొనవలె. మేస్త్రీని వదలి కూలీ మెడ పట్టుట చేతకాని వాని పద్ధతి. వారం వారం కూలి చేతికిచ్చే తోట నుండి మనుషులు అంత తొందరగా పోరన్నది కూడ గుర్తుంచుకొనవలె.

1936 నాటి వేతన చెల్లింపు చట్టం రైల్వే కార్మికునికి పాత మిత్రుడు. పనిలో చేరకముందు ఇచ్చిన అడ్వాన్సును మొదటి పూర్తి వేతనం నుండి పట్టుకొనవచ్చుననీ, ప్రయాణ ఖర్చులకు ఇచ్చిన అడ్వాన్సును మాత్రం ఎన్నడూ పట్టుకొనరాదనీ అందులో ఉండినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఆ మాట నిలిచింది. రాజీనామా చేసిన వానికి రెండు పనిదినములలో బాకీ వేతనం చెల్లించవలెనని కూడ ఆ కోడ్ చెబుతున్నది. ఈ కోడ్‌లపై మన ఆక్షేపణలు అనేకం. వలస కార్మికుల 1979 చట్టంలో ఉండిన స్థానభ్రంశ భత్యం కొత్త కోడ్‌లో మాయమైనది, ఐదుగురికే వర్తించిన రక్షణ పదిమందికి పెరిగింది. అయినను చేతికి దొరికిన సెక్షనును వాడుకొనక మానరాదు.

బస్తర్ పల్లెకు యజమాని పంపే వకీలు నోటీసును మోసుకుపోయేది మన తపాలా సోదరుడే, చదివి వినిపించేదీ తరచు అతడే. అడ్వాన్సు సొమ్ము వివరం, ప్రయాణ ఖర్చు వివరం వేరువేరుగా అడుగుతూ, చేసిన దినముల కూలి లెక్క కోరుతూ రెండు పంక్తుల జవాబు వ్రాసి పంపమని అతడు చెప్పవచ్చు. బిగబట్టిన కూలికి మూడేండ్ల లోపు క్లెయిము వేయవచ్చు, అసలుకు తోడు పది రెట్ల వరకు పరిహారం అడగవచ్చు. మనిషిని కదలనీయక నిలిపి ఉంచిన చోట కార్మిక శాఖ కోసం ఎదురు చూడనక్కరలేదు, 1976 చట్టం క్రింద నేరుగా జిల్లా మేజిస్ట్రేటుకు వ్రాయవలె.