జల తరు పాషాణాలు: పెరటి చెట్ల కోసం మా ప్రణాళిక

ఇల్లో పొలమో చేతులు మారేటప్పుడు దస్తావేజులో ఒక పాత వరుస కనిపిస్తుంది. జల, తరు, పాషాణ, నిధి, నిక్షేపాలతో సహా సర్వహక్కులూ కొన్నవారివే అని. రాసేవారు అలవాటుగా రాస్తారు, సంతకం పెట్టేవారు చదవకుండానే పెడతారు. ఆ ‘తరు’ అన్న రెండక్షరాల గురించే మేం ఈ ప్రణాళిక రాస్తున్నాం.

మేం సికింద్రాబాద్ పాత కాలనీల వాళ్ళం. మా వీధుల్లో రెండొందలు, మూడొందల గజాల ఇళ్ళు ఒకదాని తర్వాత ఒకటి డెవలప్‌మెంట్‌కి పోతున్నాయి. ఇల్లు కూల్చడానికి వారం పడుతుంది. చెట్టుకు ఒక్క పూట చాలు. పోయిన వేసవిలో మా వీధి మూలనున్న వేపను రెండో శనివారం పొద్దున కొట్టేశారు. ఆరింటికి రంపం మోత వినిపించింది. పదకొండు కొట్టేసరికి మాను ముక్కలై డీసీఎం ఎక్కేసింది. దాని నీడన ఇరవై ఏళ్ళుగా ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన, నిప్పులు నిండిన పెట్టె చేత్తో పట్టుకుని, బండి ఎటు తిప్పాలో తెలీక రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. కాకులు రెండు రోజులు కరెంటు తీగ మీద కూర్చుని అరిచాయి. సోమవారం ఆఫీసుకు వెళ్ళి అడిగితే కౌంటర్లో ఒకటే జవాబు: ‘ప్రైవేటు స్థలం కదండీ, ఓనరు ఇష్టం.’

ఆ జవాబు తప్పు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం చేసింది. ‘వాల్టా’ అంటే ఊళ్ళలో అందరికీ తెలుసు. విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ దాన్ని కొనసాగించాయి. సొంత స్థలంలోని చెట్టయినా కొట్టాలంటే అనుమతి తీసుకోవాలన్నది అందులో ఉన్న మాటే. బోర్ల సంగతి కూడా అదే చట్టంలో ఉంది. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదు. నా పొలం నా ఇష్టం అన్న రైతు కూడా ఈ మాట దగ్గర ఆగాడు. పక్కవాడి బోరుతో తన బావి ఎండిపోవడం కళ్ళారా చూశాడు గనుక. నీళ్ళను, నేలను, చెట్టును ఒకే చట్టంలో చేర్చినవాళ్ళకు ఆ ముడి తెలుసు. మనం మాత్రం బోరు దాకా ఒప్పుకుని చెట్టు దగ్గరికొచ్చేసరికి కాంపౌండ్ గోడ అడ్డం పెడుతున్నాం. వేప గాలి ఆ గోడ దగ్గర ఆగిందా ఎప్పుడైనా?

2024 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని మథుర-బృందావనం దగ్గర ఒక ప్రైవేటు స్థలంలోనూ దాన్ని ఆనుకున్న రోడ్డు పక్కనా కలిపి 454 చెట్లు నరికేశారు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున జరిమానా ఖాయం చేసింది. అంత పచ్చదనం మళ్ళీ రావాలంటే కనీసం నూరేళ్ళు పడుతుందని చెప్పింది. జరిమానా కడితే చేతులు కడుక్కున్నట్టేనని ఎవరైనా అనుకుంటే, ఆ నూరేళ్ళ మాట ఇంకోసారి చదవాలి.

తెలంగాణ 2019 పురపాలక చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది, బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టమంది. మంచి చట్టం. కానీ మా పెరళ్ళలోని నేరేడును, పనసను, చింతను లెక్కపెట్టినవాళ్ళు లేరు. మొక్కకు లెక్క ఉంది, మానుకు లేదు. మహారాష్ట్ర పట్టణాలకు 1975 నుంచే చెట్ల చట్టం ఉంది, అయిదేళ్ళకోసారి చెట్ల గణన చేయాలని అందులో రాసుకున్నారు. 2021లో యాభై ఏళ్ళు దాటిన చెట్లను వారసత్వ చెట్లుగా గుర్తించే సవరణ తెచ్చారు. ఇక్కడ మాత్రం లెక్కలో లేని చెట్టు పోయినా, పోయినట్టు ఏ కాగితంలోనూ ఉండదు.

కాబట్టి మేం అడిగేది కొత్త మహాచట్టం కాదు, ఉన్న చట్టం మా వార్డు దాకా దిగి రావడం. గుండె ఎత్తున మీటరు చుట్టుకొలత దాటిన ప్రతి చెట్టూ వార్డు పుస్తకంలోకి ఎక్కాలి. కొట్టడానికి దరఖాస్తు పెడితే ఆ కాగితం పదిహేను రోజులు గేటుకు వేలాడాలి, తెలుగులోనూ ఉర్దూలోనూ. సెల్లార్ తవ్వకముందే, ప్లాన్ మొదటి కాగితంలోనే చెట్టు ఎక్కడుందో చూపించాలి. మాను కోసం బిల్డరు గది ఒకటి వెనక్కి జరిపితే ఆ జాగా ఇంకోచోట కలిసొచ్చేలా నియమం ఉండాలి. సుబాబుల్, సరుగుడు, యూకలిప్టస్‌ల జోలికి మేం రాం. అవి కోతకు పెంచేవే, రైతును వాటి కోసం ఆఫీసుల చుట్టూ తిప్పొద్దు. మాను చుట్టూ బెరడు గీసి, దానంతటదే ఎండిందని చెప్పడాన్ని కూడా నరికినట్టే చూడాలి. మా కాలనీల్లో అలా చచ్చిన చెట్లను మేం చూశాం.

ఇంటివాళ్ళు మాకు శత్రువులు కారు. సంతకాల కోసం వెళ్తే ఒక పెద్దావిడ పనస కింద కుర్చీ వేసుకుని అంది: ‘నీడ మీ అందరికీ, ఊడ్పు నా ఒక్కదానికీనా? నా నడుం పడిపోతోంది నాయనా. వేళ్ళు సంపులోకొచ్చాయి. మీరొచ్చి ఊడుస్తారా?’ మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రోజు నుంచి మా మాటల తీరే మారింది. చెట్టు ఖర్చు ఒకింటిది, చలవ వీధి మొత్తానిది అయినప్పుడు వీధి కూడా భుజం కలపాలి. పెద్ద చెట్టును కాపాడే ఇంటికి ఆస్తిపన్నులో తగ్గింపు కావాలి. విరిగి పడేలా ఉన్న కొమ్మను మున్సిపాలిటీ పైసా తీసుకోకుండా కోసిపెట్టాలి. నిజంగా ప్రమాదమైన చెట్టుకు ఆ పదిహేను రోజులు ఆగకుండా అనుమతి వారంలో రావాలి. అనుమతి నెలల తరబడి నానితే జనం రాత్రిపూట రంపం పడతారు, ఆ పాపంలో ఆఫీసుకూ వాటా ఉంటుంది.

ఇతరులను అడిగే ముందు మా వంతు మేం చేస్తాం. మాలో చేరే ప్రతి ఒక్కరూ ముందు తమ పెరటి చెట్లు రాయించాలి. ఇల్లు అమ్మినా, డెవలప్‌మెంట్‌కి ఇచ్చినా, ఏ చెట్టు ఎక్కడ ఉందో, దాన్ని ఉంచాలనీ అగ్రిమెంటులో పేరుపెట్టి రాయించాలి. ఉత్త ‘తరు’ అని వదలొద్దు. పెద్దావిడ వాకిలి ఊడ్పు ఆదివారాలు మాది. ఇద్దరు పిల్లలు ఇప్పటికే వస్తున్నారు, ఆకులు గోతిలో వేసి ఎరువు చేస్తున్నారు.

లెక్క వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు, వేప పోయిన మూల నుంచి మొదలు. టైలరు టేపు చాలదు, తాడు తెచ్చుకోండి. మొదటి పేజీ రాసేశాం: పనస, వయసు నలభై పైన, చుట్టుకొలత 168 సెంటీమీటర్లు, ఈ ఏడు కాయలు పదకొండు.