అడవికి తగిన వన్నె

పెండ్లికి పట్టుబట్ట, పొలానికి ముతకబట్ట కట్టుకోవడం పెద్దలు మనకు నేర్పిన ఔచిత్యం. అడవికో, పక్షుల కొలనుకో వెళ్ళేటప్పుడు మాత్రం ఆ ఔచిత్యాన్ని మరచిపోతున్నాం. ఎర్రని చొక్కాలు, మెరిసే టోపీలు, తెల్లని సంచులతో విహారానికి బయలుదేరుతున్నాం. అక్కడ మనం అతిథులం; ఆ ఇల్లు వేరొకరిది.

తిరుపతి జిల్లాలోని నేలపట్టు పక్షి సంరక్షణ కేంద్రాన్నే తీసుకుందాం. శీతకాలంలో గూడబాతులు అక్కడి చెరువు చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. తల్లిపక్షి బెదరి గూడు విడిచిపోతే గుడ్లు ఎండకు గురవుతాయి, కాకుల పాలబడతాయి. మన క్షణకాలపు వేడుక ఒక పక్షిజంట శ్రమనంతా వ్యర్థం చేయగలదు.

ప్రాణులన్నీ రంగులను ఒకే తీరుగా చూడవు. మన కంటిలో రంగులను గుర్తించే కణాలు మూడు రకాలు. పగటిపూట సంచరించే పక్షులలో చాలావాటికి నాలుగు రకాలున్నాయి. కాబట్టి ఎర్రని చొక్కా వాటి దృష్టిని తప్పించుకోలేదు. జింకలకు రెండు రకాలే. నారింజ వన్నె వాటికి ఆకుపచ్చకు భిన్నంగా తోచదు. అందుకే పులి పొదలో కలిసిపోగలుగుతుంది. నీలం మాత్రం జింకలకు స్పష్టంగా కనిపిస్తుంది. తెల్లదనం కోసం కొన్ని సబ్బుపొడులలో కలిపే ద్రవ్యాలు అతినీలలోహిత కాంతిని గ్రహించి నీలికాంతిని వెలువరిస్తాయి. తళతళలాడే తెల్లబట్ట మన రాకను దూరం నుంచే చాటుతుందన్నమాట.

మరి ఏ రంగు తగినది? వేసవిలో ఎండుగడ్డి వన్నె, వానకాలంలో ముదురాకుపచ్చ, రాతినేలలో మట్టిరంగు. ఖాకీ అన్న మాటకు మూలమైన 'ఖాక్' అంటే ధూళి అనే అర్థం. దుస్తులే కాదు, సంచి, గొడుగు, నీళ్ళసీసా కూడా ఆ వరుసలోనే ఉండాలి. ఇందుకు కొత్తబట్టలు కొననక్కరలేదు. వెలిసిన పాతచొక్కా చాలు. అయితే కేకలు వేస్తూ నడిచేవారిని ఏ రంగూ దాచలేదు.

దారి తప్పితే వెదకేవారికి కనబడేదెలా అని కొందరు ప్రశ్నిస్తారు. అది న్యాయమైన సందేహమే. ఒక ఎర్రని గుడ్డను మడచి సంచిలో ఉంచుకుంటే సరిపోతుంది. చీకటిలో రహదారి వెంట నడిచేటప్పుడు కూడా లేతరంగు దుస్తులే క్షేమం. ఎక్కడ కనబడాలో, ఎక్కడ కనబడకూడదో ఎరిగి మెలగడమే వివేకం.

విద్యార్థులారా! ఈసారి విహారయాత్రకు బట్టలు సర్దుకునేటప్పుడు అద్దంలో మీరెలా ఉన్నారో చూసుకోండి. ఆ పిమ్మట, గూటిలోని పక్షికి ఎలా కనబడతారో కూడా ఒక్కసారి ఆలోచించండి.